మంద మళ్లించిన ఎండాకాలం

ఇటు జరుగు స్నేహలతా, ఇంకొంచెం. నీ మోకాలు నా మోకాలికి తగిలేంత దగ్గరగా కూచో. మీ తాత వాకిట్లో గొంగడి మీద నడుం వాల్చాడు. చెవులు వినబడవంటాడు గానీ, తన సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం గోడ అవతల నుంచి కూడా వినబడుతుంది ఆయనకు. ఈ మాట నేను చెప్పడం ఆయనకు ఇష్టం ఉండదు. అందుకే నెమ్మదిగా చెప్తాను, నువ్వూ నెమ్మదిగా విను.

నిన్న పెళ్లిలో మీ చిన్నతాత బీరన్న ఏమన్నాడో విన్నావు కదా. "మా గుర్వన్నకు కాళ్లు పోయినయి. నది కాడ ఉండలేక మందను నడుమ ఎండకాలంల మర్లేసుకొచ్చిండు" అని నలుగురిలో నవ్వాడు. మీ తాత కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. నువ్వు మాత్రం మొహం ముడుచుకుని వచ్చి, "నిజమేనా అవ్వా?" అన్నావు. అంతమంది ముందు నేనేం చెప్పను? ఇదిగో, ఇప్పుడు చెప్తున్నాను.

తెలంగాణ వచ్చిన రెండో ఎండాకాలం అది. నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నావు. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. ఊళ్లో బోర్లు గాలి కక్కుతున్నాయి, మేకలు ఎండిన కంపను కూడా వదలడం లేదు. గొర్రెలు కాసుకునే ఇంటివాళ్లం. ఎండలు ముదిరితే మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోవడం మా అత్తమామల కాలం నుంచీ ఉన్నదే. ఆత్మకూర్ కింద మల్లయ్య అనే రైతు చేలో ప్రతి ఏడూ మేమే మంద పెట్టేవాళ్లం. పగలంతా నది పక్కన మేపుకుని, చీకటి పడ్డాక ఆయన చేలో తడకలు కట్టి గొర్రెలను పడుకోబెడతాం. ఆయన చేనుకు ఎరువు, మాకు జొన్నలు.

మీ అమ్మ కౌసల్యకు ఒంట్లో రక్తం తక్కువగా ఉందని పుట్టింటికి పంపాం. మీ అక్క నాగరాణి అప్పటికి ఏడేండ్ల పిల్ల. బడికి సెలవులు ఇంకా రాలేదు గానీ, తల్లి లేని ఇంట్లో దాన్ని ఎవరి దగ్గర వదలం? మాతో పాటే నడిపించుకుపోయాం. మీ నాయిన పరశురాములు ముందు, మంద నడుమ, మీ తాత వెనక. ఆయన భుజం మీద గొంగడి, గొంగడిలో మీ అక్క.

ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నా ముక్కుకు ఉన్ని వాసన తగులుతుంది. నది సన్నబడి ఒక పక్కకు ఒరిగి పారుతుండేది. ఇసుకలో చెలిమె తవ్వితే కొబ్బరినీళ్ల లాంటి నీళ్లు ఊరేవి. మీ అక్క ఆ చెలిమె ఒడ్డున కూచుని గొర్రెపిల్లలకు పేర్లు పెట్టేది. చెవి తెగినదానికి సర్పంచ్ అని, ఎప్పుడూ అరిచేదానికి కండక్టర్ అని. మీ తాత మందను పిలిచినప్పుడు అదీ పక్కనే నిలబడి అలాగే నాలుక మడిచి పిలిచేది. గొర్రెలు ఇద్దరి మాటా వినేవి.

కొన్నాళ్లకు పిల్ల బుగ్గలు నిండి వచ్చాయి. పొద్దున్నే లేస్తే కండ్లు సరిగ్గా తెరుచుకునేవి కావు, అంత నిండుగా ఉండేవి.

మల్లయ్య గట్టు మీద నిలబడి, "ఏంది గుర్వన్నా, పిల్ల గుమ్మడికాయ లెక్క అయింది! మా చేలకు ఎరువు బెడ్తున్నవా, నీ మనుమరాలికి బెడ్తున్నవా?" అన్నాడు.

"మా మేకపాలు ఊకెనే పోతయా మల్లన్నా? మీ పాకెట్ పాలు తాగితే గిట్లయితదా?" అని మీ తాత మీసం దువ్వాడు.

నాకూ సంతోషమే అయింది. ఎండకు అందరూ వాడిపోయే కాలంలో పిల్ల ఒళ్లు చేస్తుంటే ఎవరికి బాధ? కానీ ఒకరోజు స్నానం చేయిస్తుంటే, నడుం చుట్టూ లాగు నాడా అచ్చు తాడు కట్టినట్టు లోతుగా దిగి ఉంది. మీ తాతను పిలిచాను. ఆయన వంగి, పిల్ల ముంగాలు మీద, మోకాలి కింది ఎముక దగ్గర, బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది. మెత్తటి ముద్దలో వేలు పెట్టినట్టు.

ఆయన మొహంలో మీసం తప్ప ఇంకేమీ కనబడలేదు నాకు, అంత పాలిపోయింది.

"గొర్రెకు దవడ కింద నీరు దిగినట్టే ఉన్నది గదనే. కుంట నీళ్లు తాగిన గొర్రెకు కడుపుల నట్టల పురుగులు పడి, సత్తువంతా కారిపోయి, గిట్లనే ఉబ్బుతది" అని, నేరుగా పోయి గొర్రెలకు పోసే నట్టల మందు సీసా తెచ్చాడు.

మీ నాయిన ఆ చేయి పట్టుకున్నాడు. "నాయినా, అది గొర్లది. పిల్లకు పోస్తవా?"

"మరేం జెయ్యాలెరా? చూస్కుంట కూసోవాల్నా?"

"పాలమూరు పోవాలె."

మల్లయ్య దగ్గర మోటారు బండి అడుక్కుని మీ నాయిన నడిపాడు. నడుమ మీ అక్క రాణి, వెనక నేను. పాలమూరులో పిల్లల డాక్టరు పేరు గ్లోరీ. చిన్న వయసు, గట్టి గొంతు. పిల్లను చూసి, మీ తాత చేసినట్టే ముంగాలు నొక్కి చూసింది. తర్వాత మూత్రం పట్టించింది. సన్నటి గాజు గొట్టంలో పోసి, కింద దీపం పెట్టి మా ముందే కాచింది. నేను రెప్ప కొట్టకుండా చూస్తున్నాను. మరిగేసరికి పైన తెల్లటి తెర కట్టింది. ఏదో మందు చుక్కలు వేసింది. తెర పోలేదు, ఇంకా చిక్కబడింది.

"జున్ను!" అన్నాను నేను.

ఆమె నా వైపు తిరిగింది. "ఏమన్నారు పెద్దమ్మా?"

"ఈనిన బర్రె తొలి పాలు కాస్తే గిట్లనే గట్టిబడతయి గదమ్మా."

"అదే పదార్థం. ప్రోటీన్ అంటాం. అది రక్తంలో ఉండాలి. కిడ్నీ జల్లెడ లాంటిది, పనికిరాని నీళ్లను బయటికి వదిలి దీన్ని లోపలే ఆపాలి. ఈ పాప జల్లెడ కన్నాలు పెద్దవయ్యాయి. ప్రోటీన్ పోతుంటే ఒంట్లో నీరు చేరుతుంది. ఇది లావు కాదు, వాపు."

నేను మీ తాత నట్టల మందు సంగతి చెప్పాను. తిడుతుందేమో అనుకున్నాను. ఆమె నవ్వి, "రోగం అది కాదు. కానీ సత్తువ కారిపోతోందని అన్నారు చూడండి, ఆ మాట తప్పు కాదు. ఆ సీసా మాత్రం దూరంగా పెట్టండి" అంది.

చిన్న చిన్న తెల్లని గోలీలు రాసింది. నెలల తరబడి వేయాలి, ఒక్క పూట మానకూడదు, మనంతట మనం ఆపితే ప్రాణం మీదికి వస్తుంది అని రెండుసార్లు చెప్పింది. కూరలో ఉప్పు వేయొద్దంది, ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుందట. రోజూ పొద్దున మూత్రం కాచి చూడమని నాకో గాజు గొట్టం, చుక్కల సీసా ఇచ్చింది. "తెల్లగా గట్టిపడినంత కాలం ప్రోటీన్ పోతున్నట్టు. నీళ్లలా తేటగా ఉన్న రోజు ఆగినట్టు" అంది. చదువు రాని నాకు అది బాగా ఎక్కింది. పాలు కాచిన చేతికి గొట్టం కాచడం ఎంత పని?

ఇక రోజూ పొద్దున అదే. మూడు రాళ్ల పొయ్యి, గిన్నెలో అంబలి, పక్కన బొగ్గుల మీద గొట్టం. మీ తాత మాత్రం అటు తిరిగేవాడు కాదు. తడకలు విప్పుతూ, ముఖం అటే పెట్టి అడిగేవాడు.

"ఏమే, జున్నేనా?"

"జున్నే."

అంతే. కర్ర తీసుకుని మంద వెనక వెళ్లిపోయేవాడు.

ఉప్పు మానడం పిల్లకే కాదు, అందరికీ అయింది. ఒక కుండలో ఇద్దరికి వేరుగా వండే వీలెక్కడిది? చప్పటి పప్పు, చప్పటి రొట్టె. మీ నాయిన నాలుగు ముద్దలు తిని, "అమ్మా, ఇది తింటుంటే మట్టి తిన్నట్టున్నది" అన్నాడు. మీ తాత ముద్ద మింగి, "మట్టికన్నా జర రుచి ఉంటది" అన్నాడు. మీ అక్క ఒక్కతే నవ్వింది.

అయినా వాపు తగ్గలేదు. గోలీలు వేస్తున్నాం, ఉప్పు మానేశాం, పిల్ల ఇంకా ఉబ్బుతోంది. పొట్ట డప్పులా అయింది. చెప్పులు పట్టడం లేదు. మీ తాతకు ఓపిక సచ్చింది.

"ఆ గోలీలతోనే ఉబ్బుతాంది. ఆపుర్రి. గొర్రెకు మందు పోసినంక తగ్గకపోతే ఆ మందు ఇంకా పోస్తమా?"

"ఆపితే పానం మీదికొస్తదని ఆమె చెప్పలేదా?" అన్నాను.

"ఆమె గొట్టంల చూసింది. నేను పిల్లను చూస్తున్న. రేపటి సంది గోలీ ఎయ్యొద్దు."

ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేని రోజులవి. గోలీల సీసా కొంగున కట్టుకున్నాను గానీ, నా మనసులో కూడా ఒక మూల అనుమానం మొదలైంది. ఆయన అన్నదే నిజమైతే?

ఆ సాయంత్రం మంద తిరిగి వచ్చింది. రాణి తడక పక్కన కూచుని ఉంది, నడవలేక. సర్పంచ్, కండక్టర్, ఇంకో నాలుగు పిల్లలు పరుగున వచ్చి దాని మీద పడ్డాయి. ముద్దుకు వస్తున్నాయనుకున్నాను. కానీ తల్లుల పొదుగుల వైపు కూడా చూడకుండా, అన్నీ దాని గౌను జేబునే నాకుతున్నాయి. ఒకటి జేబులో మూతి దూర్చింది. ఇంకోటి దాని అరచేతిని వదలడం లేదు. రాణి చెయ్యి వెనక్కి దాచుకుంటోంది.

గొర్రెపిల్ల దేన్ని అట్లా నాకుతుందో గొర్లకాపరి పెళ్లానికి ఎవరైనా చెప్పాలా?

మీ తాత కూడా చూశాడు. కర్ర కింద పడేసి వచ్చి, జేబులో వేలు పెట్టి, వేలు నాలుక మీద పెట్టుకున్నాడు. గొర్రెలకు వారానికోసారి చల్లే దొడ్డుప్పు బస్తా మాతో ఎప్పుడూ ఉండేది. మాకు మానేశాం గానీ, మందకు మానలేదు కదా. ఆ బస్తాకు పిల్ల చెయ్యి పట్టేంత కన్నం ఉంది.

"ఎందుకు తిన్నవే?" అని నేను అరిచాను.

అది ఏడవలేదు. "నోరు చప్పగున్నది అవ్వా. సర్పంచ్‌కు ఉప్పు బెడ్తరు, నాకు బెట్టరు" అంది.

మీ తాత నిలబడిన చోటే కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం నవ్వుకేనా అని నేను అడగలేదు. ఉప్పు బస్తాను మల్లయ్య ఇంట్లో పెట్టి వచ్చి, నా కొంగు ముడి విప్పి గోలీల సీసా తనే తీసుకున్నాడు.

ఆ గోలీలు చేదు విషం. నేను వేస్తే సగం ఉమ్మేసేది. ఆయన పద్ధతి వేరు. గొర్రెపిల్లకు మందు పోసినట్టు గడ్డం పైకెత్తి, "మ్యా అను" అనేవాడు. అది నోరు తెరిచి మ్యా అనగానే గోలీ నాలుక వెనక వేసి, గొంతు మీద వేలితో చక్కిలిగింత పెట్టేవాడు. అది నవ్వేలోపు గోలీ లోపలికి పోయేది. ఆ తర్వాత ఇంకెవ్వరి చేతా వేయించుకోలేదు. మీ నాయిన మ్యా అనమంటే, "నీకు రాదు పో బాపు" అనేది.

వాపు దిగడం మొదలైంది. గొట్టంలో తెర పలచబడింది. ఇక గట్టెక్కామనుకున్నాం.

ఎండ మాడుస్తున్న ఒక మధ్యాహ్నం పిల్లకు జ్వరం వచ్చింది. పొట్ట ముట్టుకోనివ్వదు. ముడుచుకుని పడుకుంది, గొర్రెపిల్లలు వచ్చినా కండ్లు తెరవలేదు. జ్వరం వస్తే ఆగకుండా రమ్మని డాక్టరమ్మ చెప్పి ఉంది. మల్లయ్య ఆటో మాట్లాడి తెచ్చాడు. మందను వదలలేక మీ తాత అక్కడే నిలబడ్డాడు. మేము గట్టు మలుపు తిరిగేదాకా ఆయన చెయ్యి కండ్లకు అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

దవాఖానలో రక్తం తీశారు. డాక్టరమ్మ కాగితం చూసి మా దగ్గరికి వచ్చింది.

"రక్తంలో ఒక పరీక్ష ఉంటుంది పెద్దమ్మా, సీఆర్పీ అంటాం. ఒంట్లో ఎక్కడైనా మంట పుడితే అది పెరుగుతుంది. పాపకు చాలా పెరిగింది."

"మంట యాడున్నదమ్మా?"

"అది ఎక్కడో చెప్పదు. ఉందని మాత్రమే చెప్తుంది."

"గుట్ట అవతల పొగ లెక్కనా?"

"అచ్చం అట్లనే. పొగ కనబడింది. ఇల్లు ఎవరిదో మేం వెతకాలి." పొట్టలో చేరిన నీటిని కొంచెం తీసి చూసి, చీము పట్టిందని చెప్పింది. "మూత్రంలో పోయేది బలం ఒక్కటే కాదు. రోగాన్ని ఆపే కాపలా కూడా దానితోనే పోతుంది. పైగా మనం వేసే గోలీలు కిడ్నీకి మంచివే గానీ, ఆ కాపలాను ఇంకొంచెం నిద్రపుచ్చుతాయి."

కుక్కలు లేని మంద అన్నమాట. తోడేలు ఎటు నుంచైనా రావచ్చు.

సూదులు మొదలుపెట్టారు. రక్తం తీసిన ప్రతిసారీ నేను, "పొగ తగ్గిందా అమ్మా?" అని అడిగేదాన్ని. పక్క మంచాల వాళ్లు కూడా అదే మాట పట్టుకున్నారు. ఆ గదిలో అందరి రోగాలకూ పొగ అనే పేరు వచ్చింది. కానీ రాణి గోలీలు మింగడం లేదు. నేను వేస్తే ఉమ్మేస్తుంది, నర్సు వేస్తే పళ్లు బిగపడుతుంది. పొడి చేసి పెరుగులో కలిపితే కక్కేసింది.

మీ నాయిన ఫోన్లో సంగతి చెప్పాడు. మరుసటి పొద్దున గది తలుపు దగ్గర ఉన్ని వాసన వచ్చింది. తల తిప్పకముందే నాకు తెలిసింది. గొంగడి భుజాన వేసుకుని, కర్ర గోడకు ఆనించి, మీ తాత. మందను మల్లయ్యకు అప్పజెప్పి వచ్చాడట. పెండ్లయినప్పటి నుంచి ఆయన మందను పరాయి చేతిలో పెట్టింది నేను చూడలేదు.

"మ్యా అనవే" అన్నాడు.

పిల్ల కండ్లు తెరిచి, ఎండిన గొంతుతో మ్యా అంది. నర్సు చేతిలో గోలీ అలాగే ఉండిపోయింది, మీ తాత తీసుకుని వేశాడు.

జ్వరం దిగింది. పొగ తగ్గిందని డాక్టరమ్మే వచ్చి చెప్పింది. ఇంటికి పంపే ముందు మమ్మల్ని కూచోబెట్టింది. ఈ రోగం తగ్గుతుంది, మళ్లీ రావచ్చు కూడా. జలుబు చేసినా తిరగబెట్టవచ్చు. పెద్దయ్యేకొద్దీ చాలామంది పిల్లలకు పోతుంది. అప్పటిదాకా గోలీలు, పరీక్ష, జ్వరం వస్తే తొందరగా దవాఖాన. దూరంగా ఉండొద్దు అంది.

బయట వరండాలో మీ నాయిన అన్నాడు. "అమ్మ, రాణి ఈడ కిరాయి అర్రల ఉంటరు నాయినా. మనం నది కాడికి పోదాం. ఈ కరువుల మందకు అక్కడ తప్ప మేత లేదు."

మీ తాత బీడీ ముట్టించబోయి, గోడ మీద రాసింది చూసి చెవి మీద పెట్టుకున్నాడు. కాసేపు రోడ్డు చూశాడు. తర్వాత ఎదురుగా చాయ్ అమ్మే ఆయన్ని అడిగాడు.

"ఈ ఊరి చుట్టూ గడ్డి బీడు యాడున్నది తమ్మీ?"

అంతే స్నేహలతా. మా ఇంటి బతుకు తిరిగింది ఆ మాట దగ్గరే. నేను అప్పుడు ఏదో చాయ్ గురించి మాట్లాడుతున్నారనుకున్నాను.

మందను నది నుంచి మళ్లించి తెచ్చాడు. నడి ఎండాకాలంలో నీళ్లను వెనక వదిలి గొర్రెలు నడవవు. మాటిమాటికీ తల తిప్పాయట. దారిలో కొన్ని పడిపోయాయి. బయల్దేరే ముందే సగం మందను, అప్పుడే నదికి వచ్చిన బీరన్నకు ఇచ్చేశాడు, నదికాడ బతుకుతాయని. అవి మళ్లీ మన దొడ్డికి రాలేదు. మిగిలిన సగంతో ఊరి అంచున, దవాఖానకు నడిచిపోయేంత దూరంలో, రాళ్ల బీడులో తడకలు కట్టాడు. బక్కచిక్కిన ఆ మందలో సర్పంచ్ మాత్రం నడిచి వచ్చింది. కండక్టర్ రాలేదు. రాణి అడిగితే, "దాని డ్యూటీ నది కాడ పడింది" అన్నాడు.

అప్పుడే కులపోళ్లు వచ్చి అడిగారు, ఎందుకు మళ్లించావని. నేను నోరు తెరిచేలోపు ఆయన, "కాళ్లు పోయినయిరా, నడువస్తలేదు" అన్నాడు.

వాళ్లు పోయాక నేను కోప్పడ్డాను. ఆయన చిన్నగా అన్నాడు. "ఆడపిల్ల. కిడ్నీ రోగమంటే రేపు పెండ్లి కాడ దాని పేరు ముందుకు రాదు, రోగం పేరు వస్తది. నా కాళ్లకేమైతది? ముసలోని కాళ్లు."

తొలకరి పడిన తర్వాత ఒక పొద్దున గొట్టం కాచాను. మరిగింది. చుక్కలు వేశాను. ఇంకా మరిగించాను. ఏమీ లేదు. చెలిమె నీళ్లలా అటువైపున్న తడక పుల్లలు కూడా కనబడుతున్నాయి.

"ఇగో, ఇటు రా" అన్నాను.

"జున్నేనా?" అన్నాడు, అటే తిరిగి.

"వచ్చి చూడు."

మొదటిసారి వచ్చాడు. గొట్టం పైకెత్తి ఎండలో పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. తిప్పి చూశాడు. "ఏం లేదు గదనే" అన్నాడు. మళ్లీ చూసి, మళ్లీ అన్నాడు. "ఏం లేదు." గొట్టాన్ని నా చేతిలో, గుడ్డు పెట్టినంత నెమ్మదిగా పెట్టి, మందను విప్పడానికి పోయాడు. ఆ పొద్దు ఆయన పిలిచిన పిలుపుకు రోడ్డు మీది గొర్రెలు కూడా తిరిగి చూసి ఉంటాయి.

ఆ వారమే నువ్వు పుట్టావు. ఒక ఇంటి బర్రె ఈనితే వాళ్లు తొలి పాలు పోశారు. బెల్లం వేసి జున్ను చేశాను. తెల్లగా గట్టిపడిన దాన్ని గిన్నెలో చూసి ఎన్ని నెలలకు నవ్వానో. మీ అక్క గిన్నె నాకేసింది.

ఆ తర్వాత ఒకటి రెండు సార్లు తిరగబెట్టింది. మళ్లీ గోలీలు, మళ్లీ మ్యా. ఇప్పుడు చాలా ఏండ్లుగా లేదు. కాలేజీకి పోయే పిల్ల, చూస్తున్నావుగా. కానీ మేం మళ్లీ నదికి పోలేదు. బీడు పక్కనే ఈ ఇల్లు లేచింది. ఎండలు ముదిరితే మీ తాత దక్షిణం వైపు తిరిగి కూచోవడం నువ్వు చూసే ఉంటావు. అటే నది.

నిన్న పెళ్లి నుంచి వస్తుంటే మీ అక్కే అన్నది. "అవ్వా, ఇంక దాచొద్దు. నా కోసం తాత ఎందుకు మాట పడాలె? నా రోగం పేరు నేనే చెప్పుకుంట." అందుకే నీకు చెప్పాను.

దీన్ని మరవకు బిడ్డా. ఎవరింట్లోనైనా పసిపిల్ల పొద్దున్నే కండ్లు ఉబ్బి లేస్తే, ఒళ్లు చేసిందని మురవొద్దని, ముంగాలు మీద వేలు పెట్టి నొక్కి చూసి డాక్టరు దగ్గరికి పొమ్మని చెప్పు. ఇంక బీరన్న మనుమలు గానీ, వాళ్ల మనుమలు గానీ, గుర్వన్న కాళ్లు పోయి నది వదిలిండని నవ్వితే, నువ్వు వాళ్లను కూచోబెట్టి ఇదంతా మొదటి నుంచి చెప్పు. ఉప్పు జేబు సంగతి మాత్రం మరిచిపోకు, అది లేకపోతే మీ తాతకు నచ్చదు.

చూశావా? ఎన్నడూ వినబడని మనిషి, అక్కడి నుంచే ఎట్లా దగ్గుతున్నాడో.